ఎడమ డొక్కలో పిశాచం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

అమావాస్య... పైగా రోహిణీకార్తె! పిడుగురాళ్ల శివార్లలో, మూడు రోజులుగా మూతపడ్డ సున్నపు బట్టీ ఆవరణలో గాలి కూడా కదలడం లేదు. తెల్లటి సున్నపు ధూళి తుమ్మచెట్ల మీద, మొండి గోడల మీద శవభస్మంలా పరుచుకుని ఉంది. ఎక్కడినుంచో... పట్టపగలు... ఒక గుడ్లగూబ కూసింది!

ఆ కూత విని చెన్నకేశవులు నవ్వాడు.

మాచర్ల దేవుడి పేరు పెట్టి పెంచారు వాణ్ణి. ఆ పేరును ఏనాడో పాడుచేసి, కపాలస్వామినని చాటుకుంటూ తిరుగుతున్న క్షుద్రోపాసకుడు వాడు! ఎదురుగా రక్తవర్ణపు ముగ్గు. ముగ్గు పక్కన భగభగ మండుతున్న హోమగుండం. గుండంలో కాలి ఎర్రబడుతున్న మూడు ఇనుప చువ్వలు. వాటన్నిటినీ చూస్తున్నట్టుగా, కుంకుమ పూసిన ఒక మానవ కపాలం!

ముగ్గు మధ్యలో వెల్లకిలా పడి ఉన్న అమ్మాయి పేరు ఇంద్రజ. పందొమ్మిదేళ్లు. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. చేతులకు, కాళ్లకు తాళ్లు. పాలిపోయిన ముఖం, పచ్చబడిన కళ్లు... చున్నీ కింద ఎడమవైపు ఉబ్బెత్తుగా లేచిన కడుపు!

ఆ తాళ్లు కట్టినవాడు కన్నతండ్రి యల్లమంద!

ఆరు నెలలుగా ఆ కడుపు పెరుగుతోంది. నాలుగు ముద్దలు తింటే చాలు, నిండిపోయేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వీధిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. "ఎవుడిదంట?" అన్న మాట లారీ తోలే యల్లమంద చెవిన పడింది. ఆ రాత్రి అతను కూతుర్ని ఏమీ అడగలేదు. చెంపలు వాచేలా కొట్టాడు!

తల్లి ఝాన్సీలక్ష్మి అడ్డుపడి, తెల్లారగానే పిల్లను నరసరావుపేటలో డాక్టర్ ఫాయిజా దగ్గరికి తీసుకుపోయింది. ఫాయిజా వేళ్లతో పొట్ట తడిమింది. స్కానింగ్ తీయించింది.

"గర్భం కాదమ్మా. పెద్దవాళ్లు కడుపులో బల్ల అంటారే, అది. ఎడమ డొక్క కింద ప్లీహం అని ఒకటుంటుంది. గుప్పెడంత ఉండాల్సింది బొడ్డు దాకా పెరిగింది."

"ఎందుకు పెరిగిద్దమ్మా అట్టా?"

"చాలా కారణాలుంటాయి. మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరాలు... లివర్ జబ్బు... లేదా రక్తంలోనే ఏదో లోపం. పాపకి రక్తం తక్కువగా ఉంది, కళ్లు పచ్చగా ఉన్నాయి. రక్తకణాలు చితికిపోతున్నాయేమోనని నా అనుమానం. పరీక్షలకి పంపుతాను. కారణం తేలితేనే దానికి తగ్గ వైద్యం. అప్పటిదాకా ఒక్క మాట గుర్తుపెట్టుకో. పొట్టకి దెబ్బ తగలకూడదు! బల్ల పగిలిందంటే లోపల్లోపలే రక్తం కారి గంటల్లో ప్రాణం పోతుంది."

ఆ మాటలన్నీ ఝాన్సీలక్ష్మి పొల్లుపోకుండా మొగుడికి చెప్పింది. అతను వినలేదు. చెన్నకేశవులు అప్పటికే అతని చెవిలో విషం పోశాడు. "పిశాచం పిండమై కూర్చుందిరా యల్లమందా! అమావాస్య మధ్యాహ్నం మూడు వాతలు పెట్టి, మడమతో ఒక్క తొక్కు తొక్కితే రక్తంతో సహా బయటికొస్తుంది!" డాక్టరమ్మ మాట కంటే ఆ నీచుడి మాటే నమ్మకంగా తోచింది ఆ తండ్రికి! వీధిలో తలెత్తుకు తిరగాలన్న తహతహ అతని కళ్లకు గంతలు కట్టింది!

ఇప్పుడు చెన్నకేశవులు కపాలాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఎవరిదో తెలుసా? వెల్దుర్తి రాహేలుది! దీని కడుపులోనూ ఇట్టాంటి బల్లే. పోయినేడు ఇదే కాలి కింద ప్రాణం వదిలింది. సమాధి తవ్వి తల తెచ్చుకున్నా! నా కాలి కింద చచ్చినది నాకు బానిస... ఈ బానిసే నీ కూతురి కడుపులో దూరి ఆ పిశాచాన్ని ఈడ్చుకొస్తుంది!"

యల్లమంద ఒక అడుగు వెనక్కి వేశాడు. "చచ్చిందా సామీ? ఆమెకి నయం చేశానన్నావు గదా!"

"నోర్ముయ్! మధ్యలో ఆపితే నీ వంశం మొత్తం నెత్తురు కక్కుకుంటుంది!"

ఎంత పిరికివాడు యల్లమంద! కూతురు తాళ్లలో గింజుకుంటూ "నాయనా... విప్పు నాయనా..." అని గొంతు పోయేలా ఏడుస్తుంటే, తల పక్కకి తిప్పుకున్నాడు!

అప్పుడే ఆవరణ గేటు దడేల్మంది!

ఝాన్సీలక్ష్మి! అర కిలోమీటరు దూరంలో ఇంకో బట్టీలో సున్నం బస్తాలకెత్తే పనిలో ఉండగా ఆమె ఫోనుకి కూతురి గొంతు వచ్చింది... "అమ్మా, నాయన నన్ను మూతపడిన బట్టీ కాడికి లారీలో ఎక్కించుకుపోతన్నాడు, తొందరగా రా..." అంతే! చెప్పులు వదిలేసి, మండే నేల మీద పరుగెత్తుకొచ్చింది. తల నుంచి పాదాల దాకా సున్నపు దుమ్ము. ఆ తెలుపులో కణకణలాడుతున్న రెండు ఎర్రటి కళ్లు!

"ఏందయ్యా నువ్వు చేస్తంది? డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు? బల్ల పగిల్తే సచ్చిపోద్దని చెప్పిందా, లేదా?"

"ఏమే ఝాన్సీ, రాబాకే! పరువు పోతందే..."

"పరువా! కన్నకూతుర్ని పశువుని కట్టేసినట్టు కట్టేసి పరువంటావా!"

ఆమె ముగ్గులోకి దూకబోయింది. యల్లమంద రెండు చేతులతో ఆమె నడుం పట్టి వెనక్కి లాగాడు. ఆమె అతని మణికట్టును రక్తం వచ్చేలా కొరికింది. అయినా అతను వదల్లేదు!

చెన్నకేశవులు వికటాట్టహాసం చేశాడు. కపాలాన్ని ఇంద్రజ కడుపు మీద పెట్టి, గుండంలో గుప్పెడు ఎండుమిరపకాయలు విసిరి, ప్రళయఘోషలా మంత్రాలు అందుకున్నాడు.

"రా రాహేలూ! నా ఆజ్ఞ! ఈ దేహంలో ప్రవేశించు!"

ఒక్క క్షణంలో ఎండ ఆరిపోయింది! నల్లమల వైపు నుంచి కారుమేఘాలు విరుచుకుపడ్డాయి. ఫెళఫెళార్భాటంతో మొదటి పిడుగు క్వారీ గట్టు మీద పడింది. తుమ్మచెట్లు వంగిపోయాయి. షెడ్డు మీద రేకులు భయంతో వణికినట్టు దడదడలాడాయి...

ఇంద్రజ చేతుల తాళ్లు పుటుక్కున తెగాయి!

ఆమె మెల్లగా లేచి కూర్చుంది. కపాలాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది... పసిబిడ్డను ఎత్తుకున్నంత నెమ్మదిగా! నోరు తెరిచింది. వచ్చింది ఆ పిల్ల గొంతు కాదు. నలభై ఏళ్లు దాటిన ఆడమనిషి బొంగురు గొంతు!

"పిలిచావుగా... వచ్చాను."

చెన్నకేశవులు గర్వంగా వేలు చూపాడు. "పిశాచాన్ని బయటికి లాగు!"

"పిశాచమేందిరా? నాకు పట్టింది దెయ్యమా? దోమ కుట్టిందిరా నాకు! చలిజొరం! గవర్నమెంటాసుపత్రి మాత్రలు మింగితే పోయే జొరం! మాత్రలు పారేయించి వాతలు పెట్టావు. ఎడమ డొక్క మీద మడమేసి తొక్కావు. మూడు గంటలు... లోపల్లోపలే పగిలి... నీళ్లు నీళ్లని నాలిక పీక్కుపోతే గుక్కెడన్నా పోశావంట్రా?"

చెన్నకేశవులు ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. గుప్పెడు విభూతి విసిరాడు. అది గాలిలోనే చెదిరి అతని కళ్లలోనే పడింది. మంత్రం మరిచిపోయాడు. బతుకు మీద ఆశతో, కండకావరంతో, తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు... ఇంద్రజ కడుపు మీదికి మడమ ఎత్తాడు!

"వద్దు!" ఝాన్సీలక్ష్మి కేక మేఘగర్జనను మించింది!

ఆ మడమ కిందికి దిగలేదు. గాలిలోనే ఆగిపోయింది! కంటికి కనిపించని పిడికిలి ఏదో దాన్ని పట్టుకుంది. వాడు వెల్లకిలా పడ్డాడు. నేలను గోళ్లతో గీరుతూ, అరుస్తూ... అంగుళం అంగుళం... రేకుల షెడ్డు వైపు ఈడ్చుకుపోబడుతున్నాడు! షెడ్డు కింద నిలువులోతు గుంత. గుంత నిండా, కాల్చి పోసిన, చుక్క నీరు తగలని సున్నం!

"తప్పయిపోయింది రాహేలమ్మా! నీ కాళ్లు పట్టుకుంటా!"

"నేనూ పట్టుకున్నా గదరా నీ కాళ్లు! తీశావా?"

వాడు గుంతలో పడ్డాడు. ఆ మరుక్షణం ఈదురుగాలి షెడ్డు రేకులను కాగితాల్లా ఎగరగొట్టింది. ఆకాశం చిల్లిపడ్డట్టు కుండపోత వాన!

నీళ్లు తగిలిన సున్నం కుతకుతా ఉడికింది! తెల్లటి ఆవిరి తాటిచెట్టెత్తు లేచింది. ఆ ఆవిరిలోంచి వినిపించిన కేక మనిషిది కాదు, మృగానిది కాదు... కాసేపటికి అదీ ఆగిపోయింది. వాన చప్పుడు మాత్రం మిగిలింది.

ఇంద్రజ దేహం నెమ్మదిగా ముగ్గులోనే ఒరిగింది. ఆ బొంగురు గొంతు ఒక్కసారి మెత్తబడింది.

"అక్కా... బిడ్డ పొట్ట జాగర్త. కుదుపుల్లేకుండా ఎత్తుకో."

తర్వాత మళ్లీ పందొమ్మిదేళ్ల గొంతు... "అమ్మా..."

యల్లమంద మోకాళ్ల మీద కూలబడి గుండెలు బాదుకుంటున్నాడు. ఝాన్సీలక్ష్మి అతని వైపు చూడలేదు. కూతురి కాళ్ల కట్లు విప్పి, రెండు చేతులమీదా ఎత్తుకుని లారీ క్యాబిన్లో పడుకోబెట్టింది.

"ఏడవబాక. తోలు. గుంతల్లో పడిందో, నిన్ను నేనే సంపుతా!"

ఝాన్సీలక్ష్మి కబురందుకుని వచ్చిన పోలీసులు రాహేలు తలను ఆమె భర్త మరియదాసుకు అప్పగించారు. వెల్దుర్తిలో, పాస్టరు ప్రార్థన చేస్తుండగా, మొండెం పక్కనే మళ్లీ మట్టిచేశారు.

నెలలోపే రక్తపరీక్షల ఫలితాలొచ్చాయి. ఫాయిజా తల్లిని, తండ్రిని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఈ పాపలో ఎర్రకణాలు పుట్టుకతోనే బలహీనం. బిళ్లలా ఉండాల్సినవి బంతుల్లా ఉన్నాయి. ప్లీహం వాటిని పాడైనవనుకుని పట్టి చితక్కొడుతోంది. చితక్కొట్టీ చితక్కొట్టీ వాచిపోయింది. ప్రస్తుతానికి ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడదాం. ముందు టీకాలు వేసి, కొన్ని వారాలాగి, ఆపరేషన్ చేసి దాన్ని తీసేయిస్తే చాలావరకు మామూలుగా బతుకుతుంది. ఆ తర్వాత జ్వరం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలి."

"తప్పకుండా వస్తా మేడం," అంది ఇంద్రజ. తండ్రి ముఖం చూడకుండానే అంది.

"ఇంకో మాట. ఇది ఎక్కువగా తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. అందుకే మీ ఇద్దరి రక్తమూ పంపాను." ఫాయిజా కాగితం తిప్పి యల్లమంద వైపు చూసింది. "మీకు అప్పుడప్పుడు కళ్లు పచ్చబడుతుంటాయా?"

యల్లమంద కళ్లు నులుముకున్నాడు. "చిన్నప్పట్నుంచీ... పసరు తాగేవాణ్ణి... తగ్గిపోయేది."

ఝాన్సీలక్ష్మి అతని వైపు మొదటిసారి తిరిగి చూసింది. ఆ చూపులో జాలి మచ్చుకైనా లేదు.

"విన్నావా? ఎవుడిదంటా ఎవుడిదంటా అని వీధోళ్లంటే నా బిడ్డని గొడ్డుని బాదినట్టు బాదావే... నీదయ్యా! నీ నెత్తుట్లోదే!"

యల్లమంద వేళ్లు అతనికి తెలియకుండానే చొక్కా కిందికి పోయాయి. ఎడమ పక్కటెముకల అంచు తడిమాయి. మెల్లగా లోపలికి నొక్కాయి...

అక్కడ, వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది!