పోయినాయన వాగు

ఆ వాగు అసలు పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. నిబాల్దో అనే ఆయన అక్కడ మంచుచరియ కింద పడి చనిపోయిన దగ్గర్నుంచీ అందరూ దాన్ని పోయినాయన వాగనే అంటారు. ఒడ్డున బండ చాటున, ఆయన ఆత్మకింత నీడగా ఉంటుందని కుక్కగూడంత చెక్కగుడి కట్టారు. అటు వెళ్లేవాళ్లు ఒక సీసా నీళ్లో, సిగరెట్టో పెట్టి... వెనక్కి చూడకుండా నడుస్తారు. చీకటి పడితే అక్కడ ఎవరో పిలుస్తుంటారట.

గైడు ఎవరిస్తో మాత్రం ఏనాడూ ఏమీ పెట్టలేదు. ఇరవై ఏళ్లుగా స్కీయింగ్‌కి వచ్చేవాళ్లను ఆండీస్ కొండలు ఎక్కిస్తున్న మొనగాడాయె. "చచ్చినాయనకు దాహమేమిటయ్యా?" అని నవ్వేవాడు.

అక్కడ చలికాలం ముగిసే సెప్టెంబరులో ఒకనాడు, ఇంకా తెల్లవారకముందే బామ్మర్ది గోయోతో కలిసి వాగు దగ్గరికి చేరాడు. అవతలి గుడిసెలో పొయ్యి వెలిగించాలి, పొద్దెక్కేసరికి ఆరుగురు అతిథులొస్తారు. చలికి మంచు గడ్డకడితేనే ఆ వాగు దాటాలి. రాత్రంతా వేడిగాలి వీచింది. అడుగేస్తే మోకాలిదాకా దిగబడుతోంది.

"వద్దు బావా. మంచు బిగియలేదు. పైన ఎంత పేరుకుందో చూడు," అన్నాడు గోయో.

"నీ పిరికితనానికి మంచు మీద నెపమా? రెండొందల అడుగులు. అంతే."

"చుట్టూ తిరిగి పోదాం."

"మూడు గంటల చుట్టు! అప్పటిదాకా అతిథులకు టీ ఎవరు పోస్తారు, మీ అక్కా?"

దాటేముందు బీకన్లు సరిచూసుకోవడం అలవాటు. మంచులో కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో పైవాళ్లకు చెప్పే చిన్న పెట్టెలవి, గుండెకు కట్టుకుంటారు. ఎవరిస్తో తన పెట్టెను వెతికే వైపు తిప్పాడు. పిప్... పిప్... గోయోది పలికింది.

దగ్గర్లో ఎన్ని పెట్టెలు పలుకుతున్నాయో తెర మీద అంకె చెబుతుంది.

రెండు.

"గోయో..." ఎవరిస్తో తెరను అతనివైపు తిప్పాడు. "ఇక్కడ... నువ్వు కాక ఇంకొకరున్నారు."

గోయో గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు.

మంచు కింద మనిషున్నాడంటే వదిలిపోకూడదు. పావుగంట దాటితే ఊపిరుండదు. ఎవరిస్తో బాణం గుర్తు చూపినవైపు పరుగు తీశాడు. అది వాగులోకి దిగలేదు... పక్కకు, బండవైపు తిరిగింది. ఇరవై అడుగులు... తొమ్మిది... మూడు...

చెక్కగుడి.

ప్లాస్టిక్ పూలు, నీళ్ల సీసాల మధ్య — ఒక పాత బీకన్ పెట్టె మీద ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. పిప్... పిప్...

ఎవరిస్తో దాని మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే వెనకాల ధుప్‌మని మంచు కుంగింది... ఆ వెంటనే కొండంత హోరు. గోయో అతణ్ని లాగి బండకేసి అదిమాడు. ఎగిరిన మంచుపొడి సద్దుమణిగాక చూస్తే, వాగులో దారీ లేదు, గుర్తుకర్రలూ లేవు.

మధ్యాహ్నం నిబాల్దో భార్య ఎర్మెలిందా వంటింట్లో కూర్చుని అంతా చెప్పారు. ఆమె పకపకా నవ్వింది.

"అది మా ఆయన పెట్టే నాయనా! 'ఇప్పుడే వచ్చేస్తాగా, ఇదెందుకే' అని మేకుకు తగిలించి పోయాడు ఆ మహానుభావుడు. అందుకే ఈ చలికాలం మొదట్లోనే దాన్ని వెలిగించి గుళ్లో పెట్టా. ఇప్పుడెలా మర్చిపోతాడో చూస్తా!"

ఎవరిస్తో నవ్వబోయి ఆగాడు. "పిన్నీ... కాలు విరిగి నువ్వు రెండు నెలలుగా గడప దాటలేదుగా. మరి బ్యాటరీలు ఎవరు మార్చినట్టు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. గోయో టీ ఊదుకుంటున్నాడు.

"నేనే," అన్నాడు తలెత్తకుండా. "మొన్న ఆదివారం."

"దొంగవెధవా! అక్కడే చెప్పొచ్చుగా?"

"చెబితే వాగులోకి దిగేవాడివి. నేనెంత మొత్తుకున్నా విన్నావా? చచ్చినాయన ఒక్క పిప్ అనగానే పరిగెత్తావు."

ఎర్మెలిందా కొంగుతో కళ్లొత్తుకుంది. "బతికుండగా ఆయనా నా మాట వినలేదు నాయనా."

ఎవరిస్తో తన టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"గోయో, ఈసారి వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా కూడా పట్టుకో. ఆయనకు దాహం వేస్తుంటుంది."