సూరిబాబు భుజం మీద బంగారయ్య బిళ్ల

ఉదయం ఆరయింది. జూట్ మిల్లు కార్మికుల కాలనీలో పదకొండు ఇళ్ల గోడల మీద పదకొండు చిన్న దీపాలు వెలిగాయి. పది ఆకుపచ్చగా ఉన్నాయి. బంగారయ్య ఇంట్లోది మాత్రం పసుపు. దాని కింద అంకె: 0.17.

ఆ ఇళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయిన మగవాళ్లున్నారు. గ్రంథిని తీసేశాక రక్తంలో PSA అనే ప్రోటీన్ దాదాపు సున్నాకి పడిపోవాలి. మళ్లీ పెరుగుతోందంటే ఎక్కడో కొన్ని క్యాన్సర్ కణాలు మిగిలాయని అనుమానం. ఒకప్పుడు ఆ సంగతి తెలియాలంటే మూడు నెలలకోసారి పని మానుకుని ల్యాబు మెట్ల మీద పడిగాపులు పడాలి. రక్తం కార్మికుడిది, రిపోర్టు కార్పొరేట్ ఆస్పత్రిది!

ఆ దోపిడీని డాక్టర్ గౌరీశ్వరి రూపాయి నాణెమంత బిళ్లతో కూల్చేశారు. భుజానికి అంటించుకుంటే చాలు. వెంట్రుక కన్నా సన్నని సూదులు చర్మం కింది ద్రవంలో PSA ఎంతుందో రోజూ కొలుస్తాయి. అంకె ఇంటి దీపానికీ, ఆరోగ్య కేంద్రానికీ ఒకేసారి చేరుతుంది. 0.2 దాటితే ఎరుపు. గంటలో గుమ్మం ముందు వ్యాన్. పేటెంట్ కొంటామని వచ్చిన కంపెనీలకి ఆమె టీ కూడా ఇవ్వలేదు. బిళ్లకి వేలిముద్ర తాళం పెట్టమన్న అధికారులతో, "వైద్యానికి పోలీసు కాపలా ఎందుకండీ?" అన్నారు. ప్రజలని నమ్మని సైన్స్ ప్రజలదెలా అవుతుంది?

బంగారయ్య తప్పెటగుళ్ల దళానికి నాయకుడు. ముప్ఫయ్యేళ్లుగా జాతరలో గుండెకి తప్పెట కట్టుకుని ముందు వరసలో గెంతేది అతనే. జాతర ఇంకా మూడు వారాలుంది. ఎరుపు వెలిగితే ఏడు వారాల రేడియేషన్.

"మంచమెక్కించేస్తార్రా," అన్నాడు బామ్మర్ది సూరిబాబుతో. "జాతర అయ్యేదాకా నా బిళ్ల నువ్వంటించుకో."

"నాకేటైనా అవుద్దా బావా?"

"దున్నపోతులాగున్నావు, నీకేటవుద్ది? రోగం లేనోడివి. నీది సున్నాయే."

"అప్పకి తెలిస్తే?"

"ముందు నిన్ను కొడతాది. నాను రోగిష్టోణ్ని."

వారానికోసారి బిళ్ల మార్చాలి. సోమవారం కొత్త బిళ్ల సూరిబాబు భుజం ఎక్కింది. మంగళవారం ఆరింటికి బంగారయ్య గోడ మీద ఎరుపు వెలిగింది. అంకె: 1.4.

ఒక్క రోజులో అంత పెరగడం ఎవరూ ఎరగరు. వ్యాన్‌లో గౌరీశ్వరే స్వయంగా వచ్చారు. బంగారయ్య భార్య నారాయణమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అక్క ముఖం చూసి సూరిబాబు ఓర్చుకోలేకపోయాడు. చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"బిళ్ల నా కాడుందండి. ఆ అంకె నాదేనండి. నాను సచ్చిపోతానా?"

"మీకు ఆపరేషన్ అయిందా?"

"సూది మందే ఎరగనండి."

"అయితే మీ గ్రంథి మీకే ఉంది. గ్రంథి ఉన్నవాడికి 1.4 మామూలే. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది, తీయించుకున్న మీ బావగారికి."

నారాయణమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఊరంతా ఎతికి మరీ మంచి సెయ్యి అట్టుకొచ్చావు."

గౌరీశ్వరి బంగారయ్య రక్తం తీసి రెండుసార్లు చూశారు. రెండుసార్లూ 0.21.

"తిరగబెట్టినట్టే. కానీ చాలా తక్కువగా ఉంది, ఇప్పుడే కొడితే లొంగుతుంది. రేపట్నించి రండి."

"జాతరో?"

"పొద్దున్న పావుగంట కిరణాలు. సాయంత్రం ఓపికున్నంత సేపు గెంతండి. ఈ మాట నన్నడగొచ్చు కదా?"

"దీపం అంకె సెప్తాది గానీ, అడిగితే పలకదు కదమ్మా."

ఆమె నారాయణమ్మని సుద్దముక్క అడిగి, దీపం కింద గోడ మీద తన ఫోన్ నంబరు రాశారు. వారంలో మిగతా పది గోడల మీదా ఆ నంబరు కనిపించింది. ఆ మహా యంత్రంలో ఆమె చేసిన చివరి మార్పు అదే.

జాతర నాడు బంగారయ్య ముందు వరసలో అరగంట గెంతి, కూర్చుని, మళ్లీ లేచాడు. పక్కన ఏటా గెంతే సూరిబాబు చోటు ఖాళీ. అతను బిళ్ల తియ్యనివ్వలేదు, తప్పెట కట్టలేదు. చూడ్డానికొచ్చిన గౌరీశ్వరి పక్కన బెంచీ మీద భుజం పట్టుకుని కూర్చున్నాడు. గ్రంథి ఉన్నవాడికి 1.4 మామూలేనని ఆమె ఆ వారంలో నాలుగోసారి చెప్తే విని తలూపి, గొంతు తగ్గించాడు.

"సరేనండి. నిజం సెప్పండి డాక్టరమ్మా, నాది సున్నా ఎప్పటికవుద్ది?"