ముప్పయ్యో మనిషి

ఆ ఇంట్లో బాత్‌రూము ఒక్కటే, పరిశోధకులు మాత్రం ముగ్గురు. పొద్దున ఎనిమిదయ్యేసరికి తువ్వాళ్ళు భుజాన వేసుకుని తలుపు ముందు వరస కట్టేవాళ్ళు. పెద్దకూతురు డాక్టరు, ఆసుపత్రిలో మందుల మీద పరిశోధన చేస్తుంది. కొడుకు వాతావరణ కేంద్రంలో, గాల్లో తేలే దుమ్మురేణువు చుట్టూ వానచినుకు ఎలా కడుతుందో చూస్తుంటాడు. మంచాన పడ్డవాళ్ళకి ఇంట్లో సేవ చేసే మనుషుల గురించి చిన్నకూతురు విశ్వవిద్యాలయంలో సిద్ధాంత వ్యాసం రాస్తోంది. వాళ్ళ నాన్న ముప్పై నాలుగేళ్ళు ఒక కాలేజీ లాబ్‌లో పరీక్షనాళికలు కడిగి, గాజుగొట్టాల్లో యాసిడ్ నింపి రిటైరైనవాడు. పిల్లలు ముగ్గురూ పరిశోధకులే అయ్యారని ఆయనకి మహా గొప్ప.

వాళ్ళ అమ్మ మాత్రం ఈ చదువుల్ని ఒక్కరోజూ గౌరవంగా పిలవలేదు. మందులమ్మ, దుమ్ముబాబు, కబుర్లమ్మాయి అనే పిలిచేది. "ఇంట్లో దుమ్ము తుడవమంటే ఒళ్ళు బరువు వీడికి, ఆకాశంలో దుమ్ము మాత్రం లెక్కపెడతాడు" అనేది కొడుకుని. "పక్కింటికెళ్ళి మీ ఆయన ఎలా ఉన్నాడని నేనడిగితే చాడీలకోరుననిపించుకుంటాను. అదే మాట ఇది అడిగితే డాక్టరేటిస్తారు" అనేది చిన్నదాన్ని చూసి.

ఆవిడ పోయి ఆరు వారాలైంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుతో ఏడాదిన్నర మంచాన ఉండి, ఒక పొద్దున గుండె ఆగి పోయింది. ఎవరూ ఏడవలేదు. నాలుగోరోజు నుంచే అందరూ పనులకి వెళ్ళారు, వచ్చారు, తిన్నారు, పడుకున్నారు. పంటి డాక్టరు సూదిమందు ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో, ఆ ఇల్లు అలా ఉండేది. ఏం తగిలినా తగిలినట్టు తెలిసేది కాదు.

ఆ రోజు వరసలో ఒకరు తక్కువయ్యారు. పెద్దకూతురు దువ్వెన చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చుంది. సగం జుట్టు దువ్వి, మిగతా సగం వదిలేసింది.

"అక్కా, నీ వంతు" అంది చిన్నది గుమ్మంలోంచి.

"మీరు కానివ్వండి. నేనివాళ పది గంటలకి ఫోన్ చెయ్యాలి."

ఎవరికి ఫోనో చిన్నదానికి తెలుసు. ఆ ఇంట్లో తెలియకూడనివన్నీ దానికే తెలుసు, అదే దాని ప్రారబ్ధం.

అమ్మ జబ్బుకి కొత్త మందొకటి ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. వేరే విభాగం వాళ్ళ చేతులు పట్టుకుని బతిమాలి, పెద్దకూతురే అమ్మని ఆ జాబితాలో చేర్పించింది. సగంమందికి అసలు మాత్ర, మిగతా సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, మందిచ్చే డాక్టరుకీ తెలియదు. ఇంట్లో చిన్న పుస్తకంలో రోజూ మాత్ర వేసుకున్నట్టు టిక్కు పెట్టాలి. ఆ టిక్కులు పెట్టే పని నాన్నది.

పన్నెండు రోజుల కిందట ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. మందు వల్ల ఎవరికీ మేలు కనబడలేదు, పైగా వాడుతున్న కొందరికి గుండె లయ తప్పింది, అందుకని పరీక్ష ఆపేశాం, మీవాళ్ళకి ఇచ్చింది ఏ మాత్రో తెలుసుకోవాలంటే ఫలానా రోజు పదింటికి ఫోన్ చెయ్యండి అని. పెద్దకూతురు ఆ ఉత్తరాన్ని తమ్ముడికీ చెల్లెలికీ చూపించి, నాన్నకి చెప్పొద్దంది. అసలు మాత్రే అని తేలితే ఉద్యోగం మానేస్తానని రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకుంది. ఆ సంగతి చెల్లెలికొక్కదానికే చెప్పింది. "అమ్మని నా చేత్తో చంపుకున్నానే" అంది, రైలు తప్పిపోయిందని చెప్పినంత మామూలు గొంతుతో.

అంతకు ఆరు రోజుల ముందే నాన్న చిన్నదానికి ఇంకో మాట చెప్పి ఉన్నాడు.

ఆ మాట చెప్పించుకున్నది కూడా తనే. వ్యాసం కోసం, సేవ చేసి చేసి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళని ముప్పైమందిని మాట్లాడించాలి. ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. "మనింట్లోనే ఒకడున్నాడుగా" అన్నాడు నాన్న. సొంతవాళ్ళని అడక్కూడదని నిబంధనల మొదటి పేజీలోనే ఉంది. గడువు ముంచుకొస్తుండటంతో అది చూసీ చూడనట్టు ఊరుకుంది. 'మీరు చెప్పింది మీ పేరుతో ఎవరికీ, ఎప్పుడూ చెప్పను' అన్న హామీపత్రం మిగతా ఇరవై తొమ్మిదిమందికి చదివినట్టే నాన్నకీ చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. చిన్న నియమం దాటేసి, పెద్ద నియమాన్ని మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాటించింది.

నాన్న ఏం చెప్పాడంటే, చివరి యాభైమూడు రోజులూ ఆవిడకి మాత్ర ఇవ్వలేదు. రోజూ సింకులో వదిలేసి, పుస్తకంలో టిక్కు పెట్టాడు. ఇచ్చి ఉంటే బతికేదేమో, నేనే ఆవిణ్ణి చంపుకున్నాను అన్నాడు.

ఒకే చావుకి ఇద్దరూ విడివిడిగా నేరం ఒప్పుకున్నారు. ఇచ్చి చంపానని ఒకరు, ఇవ్వక చంపానని ఒకరు. ఒక్క మాట అటు వేస్తే ఒకరు బతుకుతారు, ఒక్క మాట ఇటు వేస్తే ఇంకొకరు. మాట ఇచ్చేసి మింగాలేక కక్కాలేక, పన్నెండు రోజులుగా చిన్నది ఇద్దరి మధ్యా కూర్చుని భోంచేస్తోంది.

తొమ్మిదిన్నరకి నలుగురూ బల్ల దగ్గర చేరారు. నాన్న రొట్టె ముక్కలు కాల్చి తలా రెండు పెట్టాడు. పెద్దకూతురు పళ్ళెం పక్కకి జరిపి, ఫోను ముందు పెట్టుకుంది.

"ఎవరికమ్మా ఫోను?" అన్నాడు నాన్న.

"ఆఫీసు పని."

"ఇంకా ఎన్నాళ్ళు దాస్తావక్కా?" అన్నాడు కొడుకు. దుమ్ముబాబుది ఒకటే సిద్ధాంతం. ఏదైనా కొలిచి చూసుకుంటే సగం భయం పోతుందంటాడు. "ఇవాళ తేలిపోతుంది, అదేదో నాన్న ముందే తేలనీ."

"నువ్వు నోర్ముయ్."

"ఏం తేలాలిరా?" నాన్న వెన్న రాసే చాకు కింద పెట్టాడు.

కొడుకు నోరు జారనే జారాడు. "అమ్మకిచ్చిన మాత్ర మంచిది కాదట నాన్నా. కొందరికి గుండె పాడైందని పరీక్ష ఆపేశారు. అమ్మకి అసలు మాత్ర ఇచ్చారా, ఉత్తుత్తిదా అని అడగటానికి అక్క ఫోన్ చేస్తోంది."

నాన్న మొహం తెల్లబడింది. మళ్ళీ చాకు చేతిలోకి తీసుకున్నాడు.

"విన్నావుగా నాన్నా" అంది పెద్దకూతురు. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఆ మందు నేనిప్పించాను. వద్దు వద్దంటున్నా అమ్మ చేత సంతకం పెట్టించాను. రోజూ నీ చేత టిక్కులు పెట్టించాను. దినం తప్పకుండా పెట్టావు, నీదేం తప్పు లేదు. చంపింది నేను."

"అక్కా, అలా అనకే" అంది చిన్నది.

"మరెలా అనాలో చెప్పు! ఊరందరి బాధలూ విని పేజీలకి పేజీలు రాస్తావుగా? పన్నెండు రోజులుగా నా పక్కనే పడుకుంటున్నావు. నీ తప్పు లేదక్కా అని ఒక్కసారన్నా అన్నావా? ఒక్కసారి?"

చిన్నది తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఆ రోజు నీకు చదివిన కాగితంలో చివర ఒక వాక్యం ఉంది. చెప్పింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, నీకు నచ్చినవాళ్ళకి నువ్వే చెప్పుకోవచ్చు అని. నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవు."

నాన్న చాకు పక్కన పెట్టి నోరు విప్పాడు.

"ముప్పై నాలుగేళ్ళు పిల్లల దొంగ రీడింగులు పట్టుకున్నాను నేను. పక్కవాడిది చూసి అంకె వేస్తే, కాగితం ముట్టుకోకుండానే చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, యాభైమూడు దొంగ టిక్కులు పెట్టానమ్మా."

"ఏం టిక్కులు?"

"మాత్ర వెయ్యలేదు. చివరి యాభైమూడు రోజులూ వెయ్యలేదు."

పెద్దకూతురిలో ముందు లేచింది కూతురు కాదు, డాక్టరు. "నీకేమన్నా మతి ఉందా నాన్నా? అవి ఎంతమంది ప్రాణాలమీది లెక్కలో తెలుసా? రెండువందలమంది వివరాల్లో మనది తప్పుడు పేజీ అయి కూర్చుంది!"

"తెలుసు. తెలిసే చేశాను."

"యాభైమూడు రోజులంటే..." ఆమె మధ్యలో ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుంది. "యాభైమూడు రోజులంటే ఒంట్లో చుక్క కూడా మిగలదు. అమ్మ గుండెకి ఆ మందుతో సంబంధమే లేదు."

"అది కాదమ్మా, వేసుంటే బతికేదేమో..."

"లేదు నాన్నా! ఆ మందు ఎవరికీ మేలు చెయ్యలేదు, ఒక్కరికి కూడా. నువ్వు ఇవ్వకపోవడం వల్ల పోయిందేం లేదు."

నాన్న ఆ మాట విని కూడా విననట్టే చూశాడు. కొడుకు అక్కనీ నాన్ననీ మార్చి మార్చి చూసి, "అంటే మీరిద్దరూ ఇన్నాళ్ళూ..." అని, తన రొట్టెముక్క తీసి నాన్న పళ్ళెంలో పెట్టాడు. పాపం, దుమ్ముబాబుకి చేతనైన ఓదార్పు అంతే.

"నీకిది తెలుసా?" అంది పెద్దకూతురు చెల్లెలితో.

చిన్నది తల దించుకుంది. నాన్నే అన్నాడు, "తెలుసు. నేను చెప్పాను, చెప్పనని అది సంతకం పెట్టింది."

"నేను నీకు అక్కనే! ఎవరో పరాయి ఆఫీసరుని కాదు."

"తప్పేనక్కా. అసలు నాన్నని అడగటమే నేను చేసిన తప్పు. కూతురిగా పక్కన కూర్చుని వినాల్సింది, రికార్డరు పెట్టి విన్నాను. ముప్పయ్యో మనిషిని తీసేస్తున్నాను. ఇరవై తొమ్మిదితోనే ఇస్తాను, గడువు పోతే పోనీ."

పెద్దకూతురు నాన్న పక్కకి కుర్చీ జరుపుకుని, ఈసారి మెల్లగా అడిగింది. "ఎందుకు మాన్పించావు నాన్నా?"

"మాన్పించింది నేను కాదు, మీ అమ్మే మానేసింది. ఆ మాత్ర మొదలెట్టాక నోరంతా మట్టి నమిలినట్టు ఉండేదిట. ఏది పెట్టినా ఒకటే రుచి. 'పోయేలోపు కాఫీ కాఫీలా తాగనివ్వండి, పెద్దదానికి మాత్రం చెప్పకండి, చిన్నబుచ్చుకుంటుంది' అంది. మానేసిన ఐదోరోజు కాఫీ ఇస్తే, చక్కెర డబ్బా బోర్లించారా అని కసిరింది. ఏడాదిలో మొదటిసారి తిట్టింది నన్ను. వంటింట్లోకెళ్ళి ఒక్కణ్ణే నవ్వుకున్నాను."

"నాక్కూడా ఫోన్ చేసింది" అంది పెద్దకూతురు. "నేను చేసి పెట్టిన సూప్‌లో ఉప్పెక్కువైందని పది నిమిషాలు దులిపేసింది. మందు పనిచేస్తోందని వార్డంతా చెప్పుకున్నాను నాన్నా. నర్సులందరికీ చాక్లెట్లు పంచాను."

పదైంది. ఆమె నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల ఒకావిడ వివరాలు అడిగి, ఫైలు తెరిచింది.

"మీ అమ్మగారికి ఇచ్చింది ఏ మాత్రో చెప్పమంటారా?"

"ముందొక తప్పు దిద్దాలండీ. చివరి యాభైమూడు రోజులు ఆవిడ మాత్ర వేసుకోలేదు. పుస్తకంలో టిక్కులున్నాయి గానీ అవి నిజం కాదు. ఆ రోజులు లెక్కలోంచి తీసెయ్యండి."

అవతల కీబోర్డు చప్పుడైంది. "మానేసిన కారణం? ఇక్కడొక గడి ఉందండీ, నింపకపోతే ముందుకెళ్ళనివ్వదు."

ఆ గడిలో ఏం రాస్తారో పెద్దకూతురికి కంఠతా వచ్చు. అలాంటివి వందలు నింపింది. ఈసారి మాత్రం ఫోను నాన్న వైపు జరిపింది. నాన్న బల్ల మీదికి వంగి, లాబ్‌లో వెనక బెంచీ కుర్రాళ్ళకి చెప్పినట్టు గట్టిగా చెప్పాడు.

"కాఫీలో చక్కెర ఎక్కువైతే తెలియాలనమ్మా!"

అవతల చప్పుడు ఆగింది. ఆవిడ ఫారంలో లేని ప్రశ్న అడిగింది.

"మరి తెలిసిందాండీ?"

"ఆఁ, తెలిసింది" అన్నాడు నాన్న. "తిట్టింది కూడా."

పెద్దకూతురు నాన్న భుజం మీద మొహం పెట్టి భోరుమంది. ఆరు వారాల ఏడుపు ఒక్కసారే వచ్చి, ఊపిరి కూడా అందకుండా చేసింది. కొడుకు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకోబోయి, అది వదిలేసి కళ్ళే తుడుచుకున్నాడు. చిన్నది దూరంగా నిలబడితే అక్క చూడకుండానే చెయ్యి చాపి, కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మాత్ర సంగతి చెప్పమంటారాండీ?" అంది అవతలావిడ మెల్లగా.

"వద్దండీ, అక్కర్లేదు" అన్నాడు కొడుకు.

అవతలావిడ సరేనని ఫోను పెట్టేయొచ్చు. పెట్టేయకుండా, వాళ్ళ ఏడుపు సద్దుమణిగేదాకా అలాగే ఉండిపోయింది.