మూత బిగించిన సీసా

"పై అరలో పెట్టమన్నానా లేదా?"

"పెట్టాను. మీ అమ్మగారికి అందడం లేదని కిందికి దించింది మీరే."

"చైల్డ్-రెసిస్టెంట్ మూత, ఏం కాదన్నావు."

"ఆ మాటా మీదే."

ఎస్సై గుమ్మంలో అడుగుపెట్టేసరికే ఆ భార్యాభర్తల వాదన ముదిరి ఉంది.

వాళ్ల నాలుగేళ్ల పాప ఐసీయూలో ఉంది. ఉదయం 10.40కి మంచం పక్కన స్పృహ లేకుండా పడి ఉంది. దగ్గర్లోనే నాయనమ్మ బీపీ మాత్రల సీసా. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టర్. అక్కడ మేనమామను కూర్చోబెట్టి, స్టేట్‌మెంట్ ఇవ్వడానికి వీళ్లు ఇంటికొచ్చారు.

"ఆయాను తీసుకెళ్లండి మేడమ్," అన్నాడు తండ్రి. "సీసా మూత బిగించే ఉంది. పాప తెరవలేదు. ఎవరో మింగించారు."

ఆయా గోడకు ఆనుకుని నిలబడింది. "బట్టలు ఆరేస్తున్నానమ్మా," అని పొద్దుట్నుంచి చెప్పి చెప్పి గొంతు పోయింది.

"మీరెక్కడున్నారు సార్?"

"ఆఫీసులో. తను కూడా డ్యూటీలోనే ఉంది."

"మామ్మగారూ?"

"పదింపావుకి స్నానానికి వెళ్లాను తల్లీ."

పెద్దావిడ మంచినీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుని ఉంది. వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. ఎస్సై ఆ వేళ్లనే చూసింది.

"సార్, మీ వాచీ వాటర్-రెసిస్టెంటేనా?"

"అవును."

"దాంతో బావిలో ఈత కొడతారా?"

"కొట్టను. తుంపరలకు తట్టుకుంటుందంతే."

"ఈ మూతా అంతే. పిల్లలకు తొందరగా రాదు, అంతవరకే. రోజూ తీసే పిల్లకు ఎంతసేపు?" ప్లాస్టిక్ కవర్లో ఉన్న సీసాను పెద్దావిడ ముందు పెట్టింది. "మీ వేళ్లతో ఇది నొక్కి తిప్పలేరు. మరి మాత్ర ఎవరు తీసిస్తున్నారు?"



"నా బంగారుతల్లే," అంది పెద్దావిడ. "నొక్కి తిప్పడం నేనే నేర్పాను. మూత మళ్లీ బిగించడం కూడా."

"అమ్మా, పొద్దుట్నుంచి నోరు విప్పలేదేం?"

"చెబితే దాన్ని నా దగ్గరికి రానివ్వరని."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. చేయడానికీ ఏమీ లేదు. ఆసుపత్రి నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

ఎస్సై తన ఫైల్లో ఆయా పేరు కొట్టేసింది.

పెద్దావిడ మొలలోంచి తన బీరువా తాళంచెవి తీసింది. వేళ్ల మధ్య నుంచి జారిపోబోతే అరచేతిలో ఆపి, ఆ చెయ్యి ఆయా ముందు చాపింది.

"ఇక నుంచి నా మందులు బీరువాలో, తాళం ఈవిడ దగ్గర ఉంటాయి," అంది అందరికీ వినబడేలా, మెల్లగా. "ఈవిడ ఇస్తేనే వేసుకుంటాను."