తిమింగలం డెక్కు

కొట్లో ఒక గోడ నిండా స్కేట్‌బోర్డు డెక్కులే. చక్రాలు లేకుండా, ఉత్త చెక్కలు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ.

మిరియం కళ్ళు పై వరుసలో నీలం డెక్కు మీదే ఉన్నాయి. దాని మీద పెద్ద తిమింగలం తోక పైకెత్తి ఉంది.

మిరియం ఆ అమ్మాయి అసలు పేరు కాదు. చిటికెలో చిటపటలాడుతుందని అమ్మమ్మ పెట్టిన పేరు. తమ్ముడికి కూడా అమ్మమ్మే పేరు పెట్టింది, బఠాణి అని. పుట్టినప్పుడు గుండ్రంగా, బఠాణీ గింజంత ఉండేవాడట. ఇప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. అయినా ఆ పేరు వాణ్ణి వదల్లేదు.

ఇద్దరికీ కలిపి ఒకటే స్కేట్‌బోర్డు. మొన్న మిరియం మెట్టు మీంచి దూకితే దాని చెక్క పుటుక్కున విరిగింది. చక్రాలు బాగానే ఉన్నాయి. డెక్కు మాత్రం కొత్తది కావాలి.

బఠాణి కూడా కొట్టుకి రావాల్సింది. జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. బయల్దేరేటప్పుడు దుప్పట్లోంచి చెయ్యి చాపి, తన బూటు ఒకటి అక్కకి ఇచ్చాడు.

"దీన్ని అడ్డంగా పెట్టి చూడక్కా. బూటు కంటే చెక్క మరీ వెడల్పుంటే నేను తిప్పలేను" అన్నాడు.

"నాకు తెలుసులేరా" అని మిరియం బూటు సంచిలో వేసుకుంది.

కొట్టు నడిపే ఆంటీ నిచ్చెనెక్కి తిమింగలం డెక్కు దించింది. మిరియం ఎక్కి నిలబడింది. ఎంత బాగుందో. కాళ్ళ కింద నేలంతా తనదే అన్నట్టుంది.

"నువ్వొక్కదానివేనా ఎక్కేది?" అని అడిగింది ఆంటీ.

"నేనూ, మా తమ్ముడూ."

"వాడి పాదం ఎంతుంటుంది? ఇది కాస్త వెడల్పు డెక్కు. వంపు తిప్పాలంటే కాలివేళ్ళు ఒక అంచునీ, మడమ ఇంకో అంచునీ నొక్కాలి. చిన్న పాదమైతే అందదు."

మిరియం చెయ్యి సంచిలోకి వెళ్ళింది. వేళ్ళకి బూటు లేసు తగిలింది.

గోడకి కింద వరుసలో సన్నటి డెక్కులు ఉన్నాయి. వాటి మీద బొమ్మల్లేవు. అలాంటిది తీసుకెళ్తే మైదానంలో స్నేహితులు ఏమంటారో ఆమెకి తెలుసు. 'పిల్లల చెక్క' అంటారు.

చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

"వాడి పాదం ఇంచుమించు నా అంతే ఉంటుందాంటీ" అంది.

నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, తలుపు పక్క బల్ల మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. "అన్నీ చూసుకున్నావా తల్లీ?" అని అడిగాడు.

మిరియం తల ఊపింది.

ఆంటీ డెక్కు మీద గరుకు కాగితం అంటించి, పాత చక్రాలు బిగించి ఇచ్చింది.

జ్వరం తగ్గగానే బఠాణి బోర్డు పట్టుకుని మైదానానికి పరిగెత్తాడు. వాడికి ఒక విద్య వచ్చు. నీళ్ళు నింపిన సీసాల్ని వరసగా పెట్టి, వాటి మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతూ వెళ్తాడు. ఒక్క సీసా కూడా పడదు. వచ్చే ఆదివారం స్కేటింగ్ సారు చిన్నపిల్లల చేత అందరి ముందూ అదే చేయిస్తానన్నారు. అందరికంటే ముందు బఠాణి వెళ్ళాలి.

ఆ రోజు మొదటి సీసా పడింది. తర్వాత రెండోది. బోర్డు నేరుగా పోతోందే గానీ, ఎంత వంగినా తిరగడంలేదు. చివరికి బఠాణి కూడా పడ్డాడు. మోకాలు దులుపుకుంటూ వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"అక్కా, నా బూటు పెట్టి చూశావు కదా?"

అప్పుడు నిజం చెప్పేసి ఉంటే పోయేది. కానీ పక్కనే స్నేహితులు బోర్డు చుట్టూ చేరి తిమింగలాన్ని మెచ్చుకుంటున్నారు. వాళ్ళలో నిట్రాడ అని అందరూ పిలిచే పొడుగమ్మాయి, "ఒక్కసారి ఎక్కనివ్వవే" అని బతిమాలుతోంది.

"చూశాన్రా. సరిగ్గా సరిపోయింది" అంది మిరియం.

బఠాణి పడిపోయిన సీసాల వైపు చూశాడు.

"అయితే జ్వరంలో ఎలా తిప్పాలో నేనే మర్చిపోయి ఉంటాను" అన్నాడు.

ఆ వారమంతా వాడు బడి నుంచి వస్తూనే మైదానానికి వెళ్ళాడు. చీకటి పడ్డాక, పిలిస్తే గానీ ఇంటికి రాలేదు. మోకాళ్ళ మీద పట్టీలు పెరిగాయి గానీ బోర్డు మాత్రం తిరగలేదు. రోజూ చెప్పేద్దామనే అనుకుంది మిరియం. రోజూ ఏదో ఒకటి అడ్డమొచ్చింది. అడ్డం రాకపోతే తనే ఏదో ఒకటి కల్పించుకుంది.

ఆదివారం వచ్చింది. సారు పిలవగానే బఠాణి ఆయన దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాడు.

"నేను చెయ్యను సార్. నాకు రావట్లేదు."

సారు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. పిట్టగోడ మీద కూర్చుని, మిగతా పిల్లలు వెళ్తుంటే చప్పట్లు కొట్టాడు. ఎవరైనా ఒక్క సీసా కూడా పడకుండా వెళ్తే అందరికంటే గట్టిగా కొట్టాడు.

తర్వాత పెద్దపిల్లల వంతు వచ్చింది. మిరియం బాగా చేసింది. స్నేహితులు ఈలలు వేశారు. ఇంకెప్పుడైనా అయితే ఎగిరి గంతేసేది. ఆ రోజు ఆ ఈలలు ఇంకెవరికోసమో వేసినట్టు అనిపించాయి.

రాత్రి అన్నాలు తినేటప్పుడు అమ్మ అడిగింది. "ఏరా, నీకు బాగా వచ్చు కదా. ఎందుకు చెయ్యలేదు?"

"చిన్నప్పుడు వచ్చేదమ్మా" అన్నాడు బఠాణి. "ఇప్పుడు రాదు."

అమ్మకి నవ్వొచ్చింది. మిరియం మాత్రం అన్నం సగంలోనే వదిలి లేచింది.

మర్నాడు మిరియం బడి నుంచి వచ్చేసరికి బఠాణి మెట్ల మీద కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటున్నాడు. మైదానం వైపు వెళ్ళనేలేదు. మిరియం వచ్చి వాడి కింది మెట్టు మీద కూర్చుంది.

"నీ బూటు పెట్టి చూడలేదురా" అంది.

పెన్సిలు ఆగింది. "సంచిలోంచి తియ్యనే లేదా?"

"లేదు."

"మర్చిపోయావా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. వాడు నమ్మేవాడు కూడా.

"మర్చిపోలేదు. గుర్తుంది. నాకు తిమింగలం కావాలనిపించింది."

బఠాణి పెన్సిలు కింద పెట్టాడు. తర్వాత వాడి మొహం ఒక్కసారిగా వెలిగింది.

"అయితే నాకింకా వచ్చా? నేను మర్చిపోలేదా?"

"లేదురా. ఆ చెక్కే నీకు పెద్దది."

ఆ వెలుగు ఎంతో సేపు నిలవలేదు.

"మరి ఆదివారానికి ముందే ఎందుకు చెప్పలేదు?"

మిరియం తల దించుకుంది. బఠాణి పెన్సిళ్ళన్నీ డబ్బాలో సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు దబాలున వేసినా బాగుండేది. మెల్లగా దగ్గరికి వేశాడు.

నాన్న వచ్చాక మిరియం ఆయనకి కూడా చెప్పింది. తిడతాడనుకుంది. తిట్టలేదు. బూట్లు విప్పుతూ అంతా విన్నాడు.

"డెక్కు మార్చి ఇస్తారేమో అడుగుదాం" అన్నాడు. "వాడి మనసు సంగతి నేను అడగలేను. అది నువ్వే చూసుకోవాలి."

ఆ శనివారం ముగ్గురూ కొట్టుకి వెళ్ళారు. ఆంటీ డెక్కు తిప్పి చూసింది. అంచులు అరిగాయి, తిమింగలం తోక మీద గీతలు పడ్డాయి.

"దీనికి కొత్తది ఇవ్వలేను" అంది. "పిల్లలు మార్చుకున్న పాత డెక్కులు ఆ పెట్టెలో ఉన్నాయి. వాటిల్లో ఒకటి తీసుకోండి."

మిరియంకి మొదట రాకెట్ బొమ్మ ఉన్న డెక్కు కనబడింది. 'ఇది తీసుకో' అనబోయి పెదవులు బిగించుకుంది.

బఠాణి అదే తీసి, నేల మీద పెట్టి ఎక్కాడు. వేళ్ళతో నొక్కాడు, మడమతో నొక్కాడు. తల అడ్డంగా ఊపాడు. మిరియం దాన్ని తీసి పెట్టెలో పెట్టేసింది. ఇంకోటి చూశాడు. అదీ కాదన్నాడు. చాలాసేపు పట్టింది. నాన్నకి మళ్ళీ కునుకు పట్టింది. మిరియం పక్కనే నిలబడి అందిస్తూ, తీసేస్తూ ఉంది.

చివరికి బఠాణి ఒక గోధుమరంగు డెక్కు మీద ఆగాడు. దాని మీద బొమ్మ లేదు. ఏదో స్టిక్కరు పీకేసిన మరక మాత్రం ఉంది.

"ఇది" అన్నాడు.

"నిజంగా సరిపోయిందా? లేకపోతే ఇంకా చూద్దాం. తొందరేం లేదు."

"సరిపోయింది. నువ్వూ ఎక్కి చూడు."

మిరియం ఎక్కింది. "నా మడమ కొంచెం బయటికొస్తోంది" అని ఉన్నదున్నట్టు చెప్పింది. "అయినా నడపగలను. ఇదే తీసుకుందాం."

ఆంటీ చక్రాలు విప్పి గోధుమరంగు డెక్కుకి బిగించింది. తిమింగలం పెట్టెలోకి వెళ్ళింది. మిరియం దానివైపు ఒకసారి చూసింది. అంతే.

దారిలో బఠాణి బోర్డు తనే మోశాడు. "నేను పట్టుకోనా?" అంటే వద్దన్నాడు. నాన్నకి అటుపక్కన వాడు, ఇటుపక్కన అక్క నడుస్తున్నారు. ఆదివారం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా అది వెనక్కి రాదని ముగ్గురికీ తెలుసు.

మలుపు దగ్గర నిట్రాడ ఎదురొచ్చింది. వెనక ఇంకో ఇద్దరు స్నేహితులు.

"ఇదేంటే, మీ తిమింగలం ఏమైంది?"

మిరియం తమ్ముడి చేతిలోని బోర్డు వైపు చూసింది.

"ఇచ్చేశాం. అది మా తమ్ముడికి పెద్దది" అంది. "వాడు ముందే కొలత ఇచ్చాడు. నేనే చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. అందుకే వాడు ఆదివారం చెయ్యలేదు. వాడికి రాక కాదు."

స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వస్తామని వెళ్ళిపోయారు.

నాలుగడుగులు వేశాక బఠాణి, నాన్న వెనకనుంచి చుట్టూ తిరిగి అక్క పక్కకి వచ్చి నడవసాగాడు.