మేకులు వాడని చెయ్యి

ఆ రోజు దీవి మీది ఇంట్లో ఉన్నది నలుగురు. నేవీ ఇంటెలిజెన్స్ కెప్టెన్ ఆల్రిక్ వంటవాడి వేషంలో, ఆప్రాన్ కట్టుకుని బఠాణీ సూప్ కలుపుతున్నాడు. జలసంధిలో సముద్రపు మైన్లు అమర్చిన ఇంజనీర్ టోర్‌స్టెన్ కిటికీ దగ్గర స్కేట్ల పట్టీలు బిగించుకుంటున్నాడు. అతని స్నేహితురాలిగా నటిస్తున్న ఏజెంట్ వెండెలా అద్దం ముందు పెదాలకు రంగు వేసుకుంటోంది. నాలుగో మనిషి మాయ్కెన్. స్కేటింగ్ క్లబ్ లీడర్ వేషం. వయసు యాభై దాటింది. వేషానికి కష్టపడనక్కర్లేదు కానీ మోకాళ్ళే మాట వినడం లేదు.

"మైన్ల మ్యాప్ మైక్రోఫిల్మ్ మీదికెక్కింది," వంటింట్లో ఆల్రిక్ గొంతు తగ్గించి మాయ్కెన్‌తో అన్నాడు. "గడ్డకట్టిన సముద్రం మీది మంచు అంచుకు రబ్బరు పడవలో శత్రువుల మనిషి ఒకడొస్తాడు. టోర్‌స్టెన్ వాడికి అందించేలోపు పట్టుకో. అది దాటిందంటే మన తీరం తలుపుల్లేని ఇల్లే."

"టోర్‌స్టెనే అని గ్యారంటీయా?"

"వెండెలా రిపోర్ట్ ఇచ్చింది."

"ఆవిడ రిపోర్ట్ చదువుతుంటే మీకు సూప్ మాడిన వాసన కూడా రాదు, కెప్టెన్."

ఆల్రిక్ గబగబా గరిటె తిప్పాడు.

బయల్దేరే ముందు లీడర్ అందరినీ తనిఖీ చేయాలి. వీపున సంచి, అందులో నీళ్ళు చొరకుండా మూటకట్టిన పొడిబట్టలు. మెడలో తాడుకు రెండు చెక్క పిడులు, వాటికి ఇనుప మేకులు. మంచు విరిగి నీళ్ళలో పడితే ఆ మేకులు గుచ్చుకుంటూ పైకి పాకాలి. వెండెలా పిడులు కొత్తగా మెరుస్తున్నాయి.

"పాతవేవీ?"

"పారేశాను. నాకు పాతవేవీ నచ్చవు," అంటూ వెండెలా మాయ్కెన్ మోకాళ్ళకేసి చూసి నవ్వింది.

మిగతా ఇద్దరూ వెనక రాగా మాయ్కెన్ ముందు నడిచింది. నల్లటి మంచు కింద నీళ్ళు కనిపిస్తున్నాయి. మందంగా ఉన్నచోట స్కేట్ కింద మంచు బొంగురుగా మూలుగుతుంది. పలచబడే కొద్దీ గొంతు సన్నబడి ఈల వేస్తుంది. చేతికర్రతో పొడుస్తూ, వింటూ, ఆమె గీత గీసినట్టు సాగింది. ఇదే ఆఖరి మిషన్ అని ఆమె అనుకోవడం ఇది మొదటిసారేం కాదు.

దీవి కొస తిరగగానే మంచు అంచున రబ్బరు పడవలో తెల్లకోటు మనిషి కనిపించాడు.

"టోర్‌స్టెన్‌ను నువ్వు చూసుకో, పడవకు నేను అడ్డం వెళ్తా," అని వెండెలా మాయ్కెన్ చెవిలో చెప్పి ఎడమవైపు దూసుకుపోయింది.

"నా గీత దాటకు!"

మంచు ఈల వేసింది. ఆ వెంటనే ఫెళ్ళుమంది. వెండెలా గొంతు దాకా నీళ్ళలో పడింది.

మాయ్కెన్ తాడు విసిరింది. "మేకులు! మేకులు గుచ్చు!"

ఈ దీవుల్లో బడిపిల్లలు కూడా చేసే పని అది. వెండెలా చేయలేదు. మెడలోని పిడులు తీసి, ఒంటి చేత్తో నీటికి తగలకుండా పైకెత్తి పట్టుకుంది. రెండో చేత్తోనే తాడు అందుకుంది.

మునిగేవాళ్ళను మాయ్కెన్ చాలామందిని చూసింది. ప్రాణం మీదికొచ్చినా మేకులు తడవకూడదనుకునే మనిషిని మాత్రం చూడలేదు. ఆ పిడులు బోలువి. ఫిల్మ్ అందులో ఉంది. ఆశ్చర్యం కన్నా ముందు నీరసం వచ్చింది ఆమెకు. ఈవిడతో ఎన్నిసార్లు కాఫీ తాగింది!

వెండెలా చెయ్యి విసురుగా కదిలింది. పిడులు మంచు మీద జారుతూ నేరుగా పడవ వైపు పోయాయి.

మాయ్కెన్ తాడు టోర్‌స్టెన్ చేతిలో పెట్టింది. "లాగు!"

"పొద్దున్నించీ నన్ను దొంగలా చూశారు కదండీ?"

"చూశాను. తప్పయింది. లాగు!"

ఆమె బోర్లా పడుకుని పాకింది. కింద మంచు ఈల వేస్తూనే ఉంది. అవతల తెల్లకోటు మనిషి కూడా బోర్లా పడుకుని పడవ కొక్కెం చాపాడు. కొక్కెం పిడులను తాకబోయే లోపు మాయ్కెన్ కర్ర మొన వాటి తాడులో దూరింది. లాగేసింది.

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. వాడి మీసాల్లో మంచు పేరుకుంది.

"చలిగా ఉంది. ఇంటికి పోరాదూ," అంది మాయ్కెన్.

వాడు పడవ తిప్పుకున్నాడు. ఆమె లేవబోతుంటే మంచు కుంగి ఎడమకాలు తొడదాకా దిగబడింది. తన మేకులు గుచ్చుకుని బయటపడింది.

టోర్‌స్టెన్ వెండెలాను గట్టి మంచు మీదికి చేర్చాడు. ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. సంచి విప్పితే పట్టు జాకెట్టు, ఎత్తు మడమల చెప్పులు. అవతలి తీరంలో విందుకు సర్దుకున్నట్టుంది. ఒక్క ఉన్ని పోగు లేదు.

మాయ్కెన్ నిట్టూర్చి తన మూట విప్పింది. ఉన్ని స్వెటరు, ప్యాంటు, దళసరి మేజోళ్ళు.

"వేసుకో."

"మరి నీ కాలో?"

"ఒకటేగా తడిసింది."

ఇంటికి చేరేసరికి ఆల్రిక్ ఆప్రాన్ విప్పేశాడు. ఫిల్మ్ జేబులో వేసుకున్నాడు. వెండెలాను పొయ్యి పక్కన కూర్చోబెట్టాడు. టోర్‌స్టెన్‌ను ఎక్స్‌పర్ట్‌గా లోపలికి పిలిచి సూప్ గిన్నె అందించాడు. గడ్డకట్టిన పట్టీలు విప్పుకుని మాయ్కెన్ గుమ్మం దగ్గరికి కుంటుకుంటూ వచ్చేసరికి ఆల్రిక్ అడ్డం నిలబడ్డాడు.

"ఇంటరాగేషన్, మాయ్కెన్. టాప్ సీక్రెట్. నీ లెవెల్ ఇక్కడితో సరి."

"సరే. ఆవిడ కాళ్ళకున్న మేజోళ్ళు నావి, కెప్టెన్. అవైనా ఇప్పించండి."

ఆల్రిక్ వెనక్కి తిరిగి ఆ మేజోళ్ళను పరీక్షగా చూశాడు.

"అవిప్పుడు సాక్ష్యం," అని తలుపు వేసేశాడు.