నూలుపోగు చెప్పిన జబ్బు

కొత్తవాడలో ఆ ఉదయం వెంకటరాజం ఇంటి మగ్గం చప్పుడు లేదు. మగ్గాల షెడ్డు పక్కన పాత నీలం కాంటెస్సా కారు బానెట్ తెరిచి ఉంది. అందులో తల దూర్చింది ఆయన కూతురు మహిత, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివిన పిల్ల. చీపురు పట్టమంటే విసుక్కుంటుంది గానీ, స్పానర్ చేతిలో ఉంటే తిండి కూడా గుర్తుండదు.

“ఇగ చాలు బిడ్డా. పరకాల నుంచి ఓంప్రకాశ్ వస్తాండు. తుక్కు కింద తీస్కపోతడు,” అన్నాడు వెంకటరాజం.

“తాత బండిని తుక్కుకు ఇస్తవా బాపూ?”

“ఇయ్యక? మొన్న మీ నాయినమ్మను దవాఖానకు తీస్కపోతాంటే నడిరోడ్డు మీద పొగలు కక్కింది. ముసలామె ఎండల నిలబడ్డది. ఏమన్నయితే ఎవరు జవాబు జెప్పాలె?”

అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి లింగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. జంపఖానాలు నేసి నేసి ఆమె భర్త కొనుక్కున్న బండి అది. ఆయన పోయాక కూడా ఆ ముందు సీట్లో కూర్చుంటే, పక్కనే ఉన్నట్టనిపించేది ఆమెకు.

“నా పేరు జెప్పి అమ్మకురా కొడుకా,” అంది.

“మెకానిక్‌లే చేతులెత్తేసిండ్రు అవ్వా. ఈ పిల్లేం జేస్తది?” అన్నాడు వెంకటరాజం తల్లితో.

“వాళ్లు వేడి ఎట్ల పుడుతాందో చూసిండ్రు. నేను ఎట్ల బయటికి పోతాందో చూస్తాన,” అంది మహిత, తల ఎత్తకుండానే.

ఆ పిల్ల ఓపికను చూసి తీరాలి. రేడియేటర్ నిండుగానే ఉంది, ఎక్కడా కారడం లేదు. వేడికి తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్‌ను ఊడదీసి పొయ్యి మీద మరిగే నీళ్లలో వేసింది. “నా చారు గిన్నెలనా!” అని నాయినమ్మ మొత్తుకుంటుండగానే అది చక్కగా నోరు తెరిచింది. తిరిగి బిగించి ఇంజన్ స్టార్ట్ చేస్తే ఫ్యాన్ కూడా జోరుగానే తిరిగింది.

అప్పుడు మగ్గం దగ్గరికెళ్లి ఒక నూలుపోగు తెంపుకొచ్చి, ముందు గ్రిల్ దగ్గర వేలాడదీసింది. ఫ్యాన్ గాలికి పోగు లోపలికి గుంజుకోవాలి. అది కదల్లేదు.

“గాలి లోపలికి పోతలేదు బాపూ!”

ఇంజన్ ఆపి గ్రిల్ విప్పింది. రేడియేటర్‌కు అడ్డంగా నల్లటి గుడ్డ కట్టి ఉంది. దాని మీద దూది పీచు పరుపులా పేరుకుపోయింది. దుమ్మూ మసీ పట్టి అదీ నల్లగా కలిసిపోవడంతో మెకానిక్‌ల కంటపడలేదు.

వెంకటరాజం ముఖం పాలిపోయింది. ఆ ముడులు ఆయనవే. షెడ్డులోంచి ఎగిరే పీచు బండిలోకి పోకూడదని పోయిన చలికాలం తానే పల్చగా నేసి కట్టి, తానే మరిచిపోయాడు.

“నేనే బిడ్డా... నా చేతులతోటే దాని ముక్కు మూసిన.”

“మంచిగుండాలనే కట్టినవ్ గద బాపూ.”

కూతురు తిట్టినా తట్టుకునేవాడేమో, ఆ మాటకు మాత్రం ఏడ్చేశాడు.

గుడ్డ తీసేసి, రేడియేటర్ కడిగి, తండ్రీకూతుళ్లు ఎనుమాముల దాకా వెళ్లొచ్చారు. వేడి చూపే సూది సగం దాటలేదు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఓంప్రకాశ్ ఉన్నాడు.

“మాఫ్ చెయ్యి అన్నా, బండి ఇయ్యను,” అన్నాడు వెంకటరాజం.

“ఊకె వేడెక్కుతాందంటివి?”

“ఎక్కుతుండె. మా బిడ్డ చూడకముందు.”

తర్వాత తల్లి వైపు తిరిగాడు. “అవ్వా, లే. దవాఖానకు పోదాం.”

లింగమ్మ ముందు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించింది. వెంకటరాజం తాళంచెవి మహిత చేతిలో పెట్టి, వెనక సీట్లోకెక్కాడు. తండ్రి పోయినప్పటి నుంచి ఆ స్టీరింగ్ ఆయన ఎవరికీ ఇచ్చింది లేదు.